చైనా పల్లెల్లో ఆ మేడలు పొలం డబ్బుతోనే కట్టారా?

మీరు అడిగింది ఇదీ: వీడియోల్లో ఏ చైనా పల్లె చూసినా మూడంతస్తుల ఇళ్లు, సిమెంటు రోడ్లే. చేతిలో ఎకరం కూడా సరిగ్గా లేని రైతులు వ్యవసాయంతోనే అంత ఎలా సంపాదించారు? అక్కడ ఉండి చూసినవాళ్లు చెప్పండి అన్నారు.

సూటిగా చెప్తాను. ఆ ఇళ్లు పొలంలో పండినవి కావు. నేను లోపలికి వెళ్లి చూసిన ఇళ్లలో సేద్యం డబ్బుతో కట్టింది ఒక్కటీ లేదు. ఊరు వదిలి వెళ్లినవాళ్ల జీతాలతోనో, ఊళ్లోనే పెట్టుకున్న చిన్న ఫ్యాక్టరీలతోనో లేచినవే అన్నీ. పొలం చేసిన మేలు వేరే ఉంది. తిండికి లోటు రానివ్వలేదు, పట్నంలో పని పోతే తిరిగి రావడానికి చోటు మిగిల్చింది. ఇదంతా జరగడానికి పిల్లలూ ముసలివాళ్లూ చాలా పోగొట్టుకున్నారు. అది వీడియోల్లో కనపడదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

నేను 2008 నుంచి 2019 దాకా జజియాంగ్ ప్రావిన్స్‌లోని యీవూలో పనిచేశాను. మన వ్యాపారులు తెప్పించుకునే ఫ్యాన్సీ సామాను (తల క్లిప్పులు, సీరియల్ లైట్లు, ప్లాస్టిక్ పూలు, బొమ్మలు) కంటైనర్‌లోకి ఎక్కకముందు క్వాలిటీ చూసి సంతకం పెట్టడం నా పని. ఆ సరుకులో చాలా భాగం చుట్టుపక్కల ఊళ్లలోనే తయారవుతుంది. అందుకని వారంలో మూడు నాలుగు రోజులు ఊళ్ల మీదే తిరిగేవాణ్ణి. పండగలకు నాతో పనిచేసేవాళ్ల సొంత ఊళ్లకు, ఆన్‌హుయ్, గుయిజౌ ప్రావిన్సులకు కూడా వెళ్లాను.

ముందు భూమి లెక్క. అక్కడ కొలత ‘మూ’. ఒక మూ అంటే మన లెక్కలో పదహారున్నర సెంట్లు, ఆరు మూ కలిస్తే సుమారు ఎకరం. ఆన్‌హుయ్‌లోని ఫూయాంగ్ వైపు నుంచి వచ్చి నాతో పనిచేసిన ఒకతని ఇంటికి ఏడు మూ ఉండేది. ఎకరం మీద పదిహేను సెంట్లన్నమాట. గోధుమ ఒక పంట, మొక్కజొన్న ఒక పంట. 2012లో వాళ్ల నాన్న నాకు వేళ్ల మీద లెక్క చెప్పాడు: ఖర్చులు పోగా ఏడాదికి ఆరు వేల యువాన్లు కూడా మిగలవని. అదే ఏడాది కొడుకు యీవూలో నెలకు మూడున్నర వేలు తీసుకునేవాడు. అంటే ఏడాదంతా ముసలాయన పొలంలో పడ్డ కష్టం కొడుకు రెండు నెలల జీతానికి సరిపోయింది. ఇక మేడ ఎవరి డబ్బుతో కట్టారో చెప్పక్కర్లేదు.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 2023 ప్రభుత్వ లెక్కల్లో పల్లె మనిషి సగటు ఆదాయం ఏడాదికి 21,691 యువాన్లు. అందులో జీతాల వాటా 42 శాతం. సేద్యం, పశువులు, చిల్లర వ్యాపారం అన్నీ కలిపినా 34 శాతమే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం పింఛన్లు, సబ్సిడీలు, బయట ఉన్నవాళ్లు పంపే డబ్బు.

అయితే మొదటి అడుగు మాత్రం పొలంలోనే పడింది. యాభైల్లో ఎవరి పొలం వాళ్లది కాకుండా పోయింది, 1958లో కమ్యూన్లు అనే పెద్ద ఉమ్మడి సేద్య సంఘాలు పెట్టారు. పనికి పాయింట్లు వేసేవారు. ఒళ్లు వంచి చేసినవాడికీ గట్టు మీద కూర్చున్నవాడికీ వచ్చేది దాదాపు అంతే. 1959-61 కరువులో కోట్ల మంది చచ్చిపోయారు. అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న ప్రావిన్సుల్లో ఆన్‌హుయ్ ఒకటి. ఆ ఆన్‌హుయ్‌లోనే, ఫంగ్‌యాంగ్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) షియావ్‌గాంగ్ అనే ఊళ్లో, 1978 చలికాలంలో 18 మంది రైతులు రాత్రిపూట ఒక ఇంట్లో కూడి పొలాలు కుటుంబాలవారీగా పంచుకున్నారు. కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. ప్రభుత్వానికి ఇవ్వాల్సిన ధాన్యం ఇచ్చేస్తాం, మిగిలింది మాది. దీనివల్ల మనలో పెద్దలు జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు వచ్చేదాకా మిగతావాళ్లం పెంచుతాం అని అందులో ఉంది. పిల్లల పెంపకం దాకా ఆలోచించుకుని సంతకం పెట్టారంటే అప్పటికి వాళ్లు ఎంత ఆకలి చూసి ఉంటారో అనుకుంటాను.

ఆ పద్ధతిని పైవాళ్లు మొదట చూసీ చూడనట్టు వదిలేశారు, తర్వాత ఒప్పుకున్నారు. నాలుగైదేళ్లలో దేశమంతా పాకింది. 1978లో సుమారు 30 కోట్ల టన్నులున్న ధాన్యం దిగుబడి 1984కి 40 కోట్ల టన్నులు దాటింది. పొలాలు పంచడం ఒక్కటే దీనికి కారణం అనకండి. 1979లో ప్రభుత్వం కొనుగోలు ధరలు బాగా పెంచింది, ఎరువుల ఫ్యాక్టరీలు అందివచ్చాయి, సంకర వరి వచ్చింది. కమ్యూన్ల కాలంలో జనం చేతులతో తవ్విన కాలవలు కూడా అప్పటికి సిద్ధంగా ఉన్నాయి. చదువు సంగతీ అంతే. ఊరూరా బడి, ఊళ్లోనే మందులిచ్చే ‘చెప్పుల్లేని డాక్టర్లు’ కమ్యూన్ల నాడే ఉన్నారు. తర్వాత ఫ్యాక్టరీ గేటు దగ్గర క్యూ కట్టిన కుర్రవాళ్లకు బోర్డు చదవడం వచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పని నేర్పేవాడికి దాని విలువ తెలుస్తుంది.

ఎవరి సాగు వాళ్లదయ్యాక అంతమంది చేతులు అవసరం లేదని తేలింది. ఆ మిగిలిన చేతులు ఎటు పోయాయన్నదే అసలు కథ.

మొదట ఊళ్లోనే పని వెతుక్కున్నాయి. యీవూనే చూడండి. అక్కడి ఎర్రమట్టిలో సారం తక్కువ. పంటల్లేని చలికాలంలో రైతులు కావడి భుజాన వేసుకుని, గిలక డప్పు వాయించుకుంటూ ఊరూరా తిరిగేవారు. బెల్లం ముక్కలిచ్చి కోడి ఈకలు తీసుకునేవారు. మంచి ఈకలు దుమ్ము దులిపే కుంచెలకు, మిగతావి పొలానికి ఎరువు. మన చిన్నప్పుడు చిక్కు వెంట్రుకలు తీసుకుని సూదులు, పిన్నీసులు ఇచ్చినవాళ్లు గుర్తున్నారు కదా, అలాంటి బేరమే. చాలా ఏళ్లు అది నేరం కింద లెక్క. 1982లో కౌంటీ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి షియే గావోహువా సంత పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. ఈరోజు అదే ఊళ్లో 75 వేల షాపుల టోకు మార్కెట్ ఉంది. మన జాతరలో పిల్లలకు కొనే బొమ్మ అక్కడినుంచే వచ్చి ఉండొచ్చు.

ఇలాంటివి దేశమంతా లేచాయి. వాటిని టౌన్‌షిప్ (కొన్ని ఊళ్లు కలిసిన పాలనా విభాగం), గ్రామ సంస్థలు అంటారు. ఇటుక బట్టీ, బట్టల మిషన్లు, బోల్టులు, బటన్లు. ఇంత పెరుగుతాయని మేం అనుకోలేదని 1987లో అప్పటి చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగే అన్నాడు. 1996 నాటికి వాటిలో 13.5 కోట్ల మంది పనిచేసేవారు. మడి వదిలినా ఊరు వదలని బతుకు అని అక్కడివాళ్లు దానికి పేరు పెట్టుకున్నారు. వాటిలో చాలావరకు తొంభైల చివర్లో మూతపడ్డాయి, లేదా ప్రైవేటు చేతుల్లోకి పోయాయి. మిగిలిన ఊళ్లలో నేను తిరిగాను. ఒక ఊళ్లో పూర్వీకుల మందిరంలోనే పని జరిగేది. వరసగా చిన్న స్టూళ్ల మీద అరవై దాటిన అవ్వలు కూర్చుని క్లిప్పుల మీద రాళ్లు అతికించేవారు. కాళ్ల దగ్గర బొగ్గుల కుంపటి. కూలి వంద క్లిప్పులకింత అని. జిగురు ఎక్కువై రాయి మసకబారితే నేను పక్కన పెట్టేవాణ్ణి. ఆ క్లిప్ చేసిన అవ్వ నా మొహంలోకి చూసేది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లకు ఇది కుదిరింది. లోపలి ప్రావిన్సుల వాళ్లకు ఊరు వదలక తప్పలేదు. ఇక్కడే హుకౌ గురించి తెలుసుకోవాలి. 1958 నుంచి ఉన్న నివాస నమోదు అది. నువ్వు పల్లె మనిషివా పట్నం మనిషివా అన్నది పుట్టుకతోనే కాగితం మీద పడిపోతుంది. ఎనభైల నుంచి పట్నంలో పనిచేయడానికి అడ్డు తగ్గింది కానీ, పట్నంలో పిల్లల బడికి, వైద్యానికి, పింఛనుకు ఆ కాగితం అడ్డొచ్చేది. ఈమధ్య చిన్న నగరాల్లో చాలా సడలించారు. బీజింగ్, షాంఘై లాంటి చోట్ల ఇప్పటికీ కష్టమే. ఇలా ఊరి నమోదుతోనే సేద్యం కాని పనులు చేసేవాళ్లు, సొంత ఊరి దగ్గరే చేసేవాళ్లతో కలిపి, ఇప్పుడు దాదాపు 30 కోట్ల మంది.

మేడలకు కారణం ఇదే అంటాను. పట్నంలో స్థిరపడనివ్వరు, కాబట్టి సంపాదించింది ఊళ్లోనే పెట్టాలి. అబ్బాయికి పెళ్లి కావాలంటే ఇల్లు చూపించాలి. మనకు కట్నం ఉన్నట్టే అక్కడ ఓలి ఉంది. మగపిల్లవాడివాళ్లే అమ్మాయివాళ్లకు ఇచ్చుకోవాలి. ఒక్క బిడ్డ నియమం ఉన్న రోజుల్లో, మొదటిది ఆడపిల్లయితేనే చాలా పల్లెల్లో రెండో కాన్పుకు ఒప్పుకునేవారు. కొడుకు కోసం కడుపులోనే ఆడపిల్లల్ని వదిలించుకున్నారు. 2004 ప్రాంతంలో ప్రతి 100 మంది ఆడపిల్లలకు 120 మంది దాకా మగపిల్లలు పుట్టేవారు. ఆ మగపిల్లలందరూ ఇప్పుడు పెళ్లీడుకు వస్తున్నారు. ఓలి ఎంత పెరిగిందంటే, దాన్ని తగ్గించాలని ప్రభుత్వం ఏటా మొదట్లో విడుదల చేసే వ్యవసాయ విధాన పత్రంలోనే రాస్తోంది.

జగిత్యాల, కోరుట్ల వైపు గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లు చూసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. ఒక్క తేడా ఉంది. మనవాళ్లు చాలామంది ఏజెంటుకు కట్టడానికి పొలం అమ్మో తాకట్టు పెట్టో వెళ్లారు. చైనా రైతుకు పొలం అమ్ముకునే హక్కే లేదు. అది ఊరి ఉమ్మడి ఆస్తి. కుటుంబానికి సాగు హక్కు మాత్రమే ఉంటుంది. మొదట 15 ఏళ్లకు, తర్వాత 30 ఏళ్లకు ఇచ్చారు. ఇంకో 30 ఏళ్లు పొడిగిస్తామని 2017లో ప్రకటించారు.

దీని విలువ నేను కళ్లారా చూశాను. నేను వెళ్లిన ఏడాదే ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం. 2008 చివర్లో ఆర్డర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను క్వాలిటీ చూసే షెడ్లు ఒకదాని తర్వాత ఒకటి మూసేశారు. జనం ప్లాస్టిక్ బకెట్లో బట్టలు కుక్కుకుని, పరుపు చుట్టి భుజాన వేసుకుని రైలెక్కేశారు. ఆ చలికాలంలో దేశం మొత్తం మీద సుమారు 2 కోట్ల మందికి పని పోయింది. అంతమంది రోడ్డున పడితే ఏం జరగాలి? పెద్దగా ఏమీ జరగలేదు. ఊరికి వెళ్లి గోధుమ చేనుకు నీళ్లు కట్టుకున్నారు. ఆరేడు నెలలకు పిలుపొస్తే మళ్లీ వచ్చారు. ఆ పొలాలు అప్పటికే అమ్ముడుపోయి ఉంటే వాళ్లంతా ఏ బస్తీ గుడిసెల్లో ఉండేవాళ్లో.

అయితే ఇదే ఉమ్మడి హక్కు రైతు మెడకు ఉరి అయిన చోట్లూ ఉన్నాయి. స్థానిక అధికారులు తక్కువ పరిహారం ఇచ్చి పొలాలు తీసుకుని, బిల్డర్లకు ఎన్నో రెట్లకు అమ్ముకున్నారు. 2011లో గువాంగ్‌డాంగ్‌లోని వూకాన్ ఊరంతా తిరగబడింది అందుకే. వేరే ఊరికి కోడలుగా వెళ్లిన ఆడపిల్ల పుట్టింటి ఊళ్లో వాటా పోగొట్టుకోవడం, అత్తగారి ఊళ్లో వాటా రాకపోవడం ఇప్పటికీ ఉంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీల్లో నేను చూసినవాళ్లలో ఎక్కువమంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ఆడపిల్లలే. ఆ మేడల ఇటుకల్లో సగం వాళ్లవే.

ఇక ఇంటి లోపలికి వస్తాను. 2012 కొత్త సంవత్సరం పండగకు ఆ ఫూయాంగ్ మిత్రుడితో వాళ్ల ఊరు వెళ్లాను. బస్సులో ఒక రాత్రి ప్రయాణం. ఇల్లు మూడంతస్తులు. ముందువైపు తెల్ల టైల్స్, ఎర్ర ఇనుప తలుపులు. పక్కకు వెళ్లి చూస్తే సున్నం కూడా లేని ఇటుక గోడ. పై అంతస్తులో మొక్కజొన్న పొత్తుల కుప్ప, ప్లాస్టిక్ కవరు తీయని కొత్త పరుపు. ఆ పైది వట్టి స్లాబు, కిటికీలకు చట్రాలు కూడా లేవు. వాళ్లమ్మ ఇంటి వెనక పాత వంటింట్లోనే గడ్డి మంట మీద వండుతోంది. తలుపు వెనక బొగ్గుతో రాసిన మూడు ఫోన్ నంబర్లున్నాయి. ఒకటి కొడుకుది, ఒకటి కోడలిది, ఒకటి బడి పంతులుగారిది. ఆమెకు చదువు రాదు. ఏదైనా అయితే ఆరేళ్ల మనవడే చూసి నొక్కాలి. మేమున్నన్ని రోజులూ ఆ పిల్లాడు తల్లి కొంగు పట్టుకున్నట్టే తిరిగాడు. ఆరో రోజు తెల్లవారుజామున నాలుగింటికి, వాడు లేవకముందే బయలుదేరాం. బస్సులో ఆ పిల్లాడి తల్లి యీవూ చేరేదాకా నోరు విప్పలేదు.

ఇలా తల్లీతండ్రీ ఇద్దరూ బయట ఉన్న పిల్లలు 2016 లెక్కల్లో 90 లక్షల మంది. పదిలో తొమ్మిది మందిని తాతా నాయనమ్మలే పెంచేవారు. ఒక్కరే బయట ఉన్నవాళ్లను కలిపితే సంఖ్య ఇంకా చాలా ఎక్కువ. పిల్లలు తగ్గారని 2001 నుంచి చిన్న బడులు మూసి టౌన్ బడుల్లో కలిపేశారు. పదేళ్లలోపు పిల్లలు కూడా హాస్టళ్లకు వెళ్లాల్సి వచ్చింది. నన్నడిగితే ఈ మొత్తం కథలో అతి పెద్ద తప్పు అదే.

ప్రభుత్వం ఏం చేసింది అంటే, చాలా ఆలస్యంగా చేసింది, కానీ చేసినప్పుడు గట్టిగా చేసింది. తొంభైల్లో పన్ను, దాని మీద స్థానిక వసూళ్లు కలిసి రైతు నడ్డి విరిచాయి. 2006 జనవరి 1 నుంచి వ్యవసాయ పన్ను పూర్తిగా ఎత్తేశారు. 2003లో పల్లె వైద్య బీమా మొదలైంది. 2009లో పింఛను, మొదట్లో నెలకు కనీసం 55 యువాన్లు. ఉప్పూ నూనెకే సరిపోయేది. కానీ జీవితంలో మొదటిసారి తన పేరు మీద డబ్బు పడిందని ఆ ఫూయాంగ్ ముసలాయన పాసుబుక్కు తీసి నాకు చూపించాడు.

2013లో హునాన్‌లోని షీబాదోంగ్ ఊరి నుంచి పేదరికం మీద కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఇల్లిల్లూ తిరిగి ఏ ఇల్లు ఎందుకు పేదదో రాయడం అందులో ముఖ్యం. 2018లో గుయిజౌ కొండల్లో అలాంటి ఇళ్లు చూశాను. గోడకు ఒక కార్డు అంటించి ఉంటుంది. పేదరికానికి కారణం జబ్బా, పనిచేసే మనిషి లేకపోవడమా, పిల్లల చదువా, ఏది అన్నదీ, ఆ ఇంటి బాధ్యత చూసే ఉద్యోగి పేరూ ఫోన్ నంబరూ ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో 9.9 కోట్ల మంది బయటపడ్డారని ప్రకటించారు. వాళ్ల పేదరిక గీత 2010 ధరల్లో ఏడాదికి 2,300 యువాన్లు. అది ఎక్కువ గీతేం కాదు. కానీ బడి, వైద్యం, పడిపోని ఇల్లు ఉన్నాయా అని కూడా చూశారు, అది నాకు నచ్చింది. కొండల మీద నుంచి 96 లక్షల మందిని కిందికి తెచ్చి అపార్టుమెంట్లలో పెట్టారు. అక్కడ ఒక ఇంట్లో బాల్కనీలో బట్టలారేసే గొట్టానికి ఆనించి పార పెట్టుకున్నారు. దాంతో చేసే పని అక్కడేం లేదు. నీళ్లకు బిల్లు, కూరాకు కొనుక్కోవాలి, పందిని పెంచడానికి చోటు లేదని ఆ పెద్దాయన అన్నాడు. మనవరాలికి బడి పక్కనే ఉందని మాత్రం సంతోషంగా చెప్పాడు.

ఊళ్లకు తిరిగొచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. జియాంగ్సులోని షాజీలో ఒకప్పుడు పాత ప్లాస్టిక్ ఏరి అమ్ముకునేవారు. 2006 నుంచి కుర్రవాళ్లు ఆన్‌లైన్‌లో చెక్క బీరువాలు, మంచాలు అమ్మడం మొదలుపెట్టారు. ఇలాంటి ‘తావ్‌బావ్ ఊళ్లు’ (తావ్‌బావ్ అక్కడి ఆన్‌లైన్ అమ్మకాల సైట్) 2009లో 3 ఉంటే 2022కి 7,780 అయ్యాయి. ఎక్కువ భాగం తీరప్రాంతంలోనే. ఒకరిని చూసి ఒకరు అదే డిజైన్ చేసి రేటు తగ్గించుకోవడం వల్ల లాభం పలచబడింది. అయినా సాయంత్రం తండ్రి ఇంట్లో ఉండే ఊళ్లు అవి.

మోడల్ గ్రామాల వీడియోలు మాత్రం పక్కన పెట్టండి. జియాంగ్సులో హువాషి అని ఉంది. ఉక్కు ఫ్యాక్టరీలతో ధనవంతమై, 2011లో ఊళ్లో 328 మీటర్ల భవనం కట్టారు. తర్వాత అప్పుల పాలైంది. దాన్ని చూసి చైనా పల్లె ఇలా ఉంటుందనుకుంటే పొరపాటు.

ఇప్పటి సంగతి: 2020 జనాభా లెక్కల్లో పల్లెల్లో అరవై దాటినవాళ్లు దాదాపు 24 శాతం, పట్నాల్లో 16 శాతం. వలస కార్మికుల సగటు వయసే 43 దాటింది. పట్నం, పల్లె ఆదాయాల తేడా 2009లో మూడు రెట్లకు పైనే ఉండేది, 2023కి 2.39 రెట్లకు తగ్గింది.

నేను వచ్చేసేముందు, 2019లో మళ్లీ ఫూయాంగ్ వెళ్లాను. ఏడు మూ పొలం కౌలుకిచ్చేశారు. కౌలుదారు ఊరి పొలాలన్నీ కలిపి డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నాడు. ముసలాయన లేడు. మనవడికి పదమూడేళ్లు, కౌంటీ టౌన్‌లో చదువుతున్నాడు. బడి కోసం అక్కడే అప్పు చేసి ఫ్లాట్ కొన్నారు, నాయనమ్మ వాడికి వండిపెట్టడానికి అక్కడే ఉంటోంది. మూడంతస్తుల ఇంటికి తాళం. తాళం చెవి పక్కింటాయన దగ్గర తీసుకుని లోపలికి వెళ్లాం. తలుపు వెనక బొగ్గు నంబర్లు అలాగే ఉన్నాయి. పై గదిలో పరుపు మీద కవరు ఇంకా తీయలేదు.

మీరు ఈసారి వీడియో చూసేటప్పుడు ఇంటి ఎత్తు కాకుండా పై అంతస్తు కిటికీలు చూడండి. అక్కడ ఆరేసిన బట్టలు కనిపిస్తే, ఆ ఇంట్లో మనుషులున్నట్టు.